గసగసాల పువ్వూ, నల్ల గుడ్డా

గల్ఫుకు కాపురానికి వచ్చే తెలుగు ఇల్లాలికి పెద్దవాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది. పచ్చళ్లు పట్టుకెళ్లు, పొడులు పట్టుకెళ్లు, గసగసాలు మాత్రం సంచీలో పెట్టకు. పోయినసారి మా ఆవిడ దుబాయిలో విమానం మారవలసి వచ్చింది. అక్కడ గసగసాలు నిషిద్ధం. మా అత్తగారు మాత్రం కుర్మాలోకి గుప్పెడు లేకపోతే ఎలాగని ఒక పొట్లం కట్టేశారు. ఆవిడ బతిమాలి, బామాలి, ఆ పొట్లాన్ని విజయవాడలోనే దింపించి బయలుదేరింది.

ఈ నెల నేను రాయబోయేది ఆ మొక్క చుట్టం పువ్వు గురించే. కుర్మా గురించి కాదు, కంగారు పడకండి. ఇంగ్లీషువాళ్లు దాన్ని పాపీ అంటారు. మన చెవికి వేరే అర్థం తోస్తుంది గాని, వాళ్లకది చనిపోయిన సైనికుల గుర్తు. ఏటా నవంబరులో ఎర్ర కాగితం పువ్వు ఒకటి కోటుకు గుచ్చుకుంటారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లయితే చొక్కా మీదే కుట్టించుకుంటారు.

ఇప్పుడీ పువ్వు మనకెందుకంటారా? పోయిన వారం హమ్రియాలో మన కార్యవర్గం సమావేశమైంది. మన సంఘం క్రికెట్ పోటీకి కొత్త చొక్కాలు కుట్టించాలి. ఎడమ ఛాతీ మీద మన సైనికుల జ్ఞాపకార్థం, 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ప్రాణాలు పోగొట్టుకున్న 26 మంది జ్ఞాపకార్థం ఒక ముద్ర వేయిద్దామని ఒక పెద్దాయన ప్రతిపాదించారు. "ఆటలో రాజకీయాలెందుకండీ?" అన్నారొకరు. "చనిపోయినవాళ్లకు దండం పెట్టడం రాజకీయమా?" అని ఆయనకు కోపం వచ్చింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఇద్దరికీ నేనే బీపీ మందులు రాస్తాను. అంచేత ఆ పూట నోరు మెదపకుండా టీ తాగి వచ్చేశాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కొంచెం ఆగి చెబుతాను. ముందు ఆ పువ్వు సంగతి చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం పొలాలు ఫిరంగి గుండ్లకు గుల్ల అయిపోయాక, తిరగబడిన ఆ మట్టిలో ఈ ఎర్ర పువ్వులే విరగబూశాయట. 1915లో అక్కడ పనిచేస్తున్న కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే, స్నేహితుణ్ణి పాతిపెట్టిన తరువాత వాటి మీద ఒక పద్యం రాశాడు. మా వృత్తివాడే. ఆయన కూడా యుద్ధం ముగియకముందే, 1918లో, న్యుమోనియాతో పోయాడు. 1921 నుంచి బ్రిటన్‌లో మాజీ సైనికుల సంఘం ఈ పువ్వులు అమ్మి, వచ్చిన డబ్బుతో కాళ్లూ చేతులూ పోయినవాళ్లకూ, వాళ్ల కుటుంబాలకూ సాయం చేస్తూ వస్తోంది. పుట్టుకలో దుఃఖమూ ఉంది, దానమూ ఉంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ 2016లో వచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 11న, అంటే సరిగ్గా ఆ స్మరణ దినం నాడే, ఇంగ్లండు, స్కాట్లండు జట్లు వెంబ్లీలో ఫుట్‌బాల్ ఆడాయి. రెండు జట్లవాళ్లూ పువ్వు బొమ్మ ఉన్న నల్ల పట్టీలు చేతికి కట్టుకున్నారు. రాజకీయ, మత చిహ్నాలు ఆటలో కూడవన్న నిబంధన చూపించి ఫిఫా జరిమానా వేసింది. ఇంగ్లండుకు 45,000 స్విస్ ఫ్రాంకులు పడింది. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులకూ పడింది. అంతకుముందే ప్రధానమంత్రి థెరిసా మే పార్లమెంటులో లేచి ఫిఫాను తప్పుపట్టారు. ఇది రాజకీయం కాదని చెప్పడానికి ఒక ప్రధానమంత్రి లేచి నిలబడవలసి వచ్చిందంటే, అందులో ఎంతో కొంత రాజకీయం ఉన్నట్టే గదా అని నాకనిపిస్తుంది. మరుసటి ఏడు నిబంధన మార్చారు. జాతికి ముఖ్యమైన సంఘటనలను స్మరించుకోవచ్చు. అయితే ఎదుటి జట్టు మనసూ, వారి అభిమానుల మనసూ గమనించి, ముందే ఒప్పందానికి రావాలి అన్నారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మనకు పనికొస్తుంది.

ఇక రెండో వైపు చూడండి. జేమ్స్ మెక్లీన్ అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్నంవాడు. 1972 జనవరి 30న ఆ పట్నంలో ఊరేగింపుగా వెళుతున్న జనం మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజు పదముగ్గురు చనిపోయారు, తరువాత ఇంకొకరు. పోయినవాళ్లలో ఆరుగురు మెక్లీన్ పుట్టి పెరిగిన క్రెగన్ పేటవాళ్లే. ఇంగ్లీషు క్లబ్బులకు ఆడుతూ 2012 నుంచి అతను ఆ పువ్వు పెట్టుకోవడం మానేశాడు. 2014లో తన క్లబ్బు యజమానికి బహిరంగ లేఖ రాశాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల కోసమే అయితే సంతోషంగా పెట్టుకునేవాణ్ణి. కాని ఈ పువ్వు ఆ తరువాతి యుద్ధాలన్నిటికీ గుర్తు. అది పెట్టుకుని మా ఊరివాళ్ల ముఖం ఎలా చూడను అని దాని సారాంశం. మర్యాదగానే రాశాడు. అయినా మైదానాల్లో ఏళ్ల తరబడి అతన్ని గేలి చేశారు, చంపుతామని బెదిరించారు.

ఇక్కడ ఒక వైద్యుడిగా నాకు తట్టేదొకటుంది. పువ్వు పెట్టుకున్న పదిమందినీ ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టుకోని ఒక్కణ్ణే అడిగారు. ఏ రోజున పెట్టుకోనివాళ్ల లెక్క మొదలవుతుందో, ఆ రోజు నుంచి పెట్టుకున్నవాడి మనసులో ఏముందో కూడా తెలుసుకునే దారి మూసుకుపోతుంది. దుఃఖంతో పెట్టుకున్నవాడూ, భయంతో పెట్టుకున్నవాడూ ఒకేలా కనిపిస్తారు.

మన క్రికెట్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మార్చి 8న రాంచీలో ఆస్ట్రేలియాతో ఆడుతూ మనవాళ్లు సైనికుల టోపీలు పెట్టుకుని, ఆ రోజు పారితోషికాన్ని రక్షణ నిధికిచ్చారు. ముందే అనుమతి అడిగారు గనుక ఐసీసీ ఏమీ అనలేదు. అదే ఏడు జూన్ 5న సౌతాంప్టన్‌లో ధోనీ గ్లవ్స్ మీద పారాచూట్ దళం వారి బలిదాన్ చిహ్నం కనిపించింది. అది తీసేయమంది ఐసీసీ. 2023 డిసెంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజా, ప్రాణాలన్నీ సమానమే అన్న అర్థం వచ్చే మాట బూట్ల మీద రాసుకున్నాడు. అదీ కుదరదన్నారు. ఆ తరువాత చేతికి నల్ల పట్టీ కట్టుకుంటే మందలించారు. ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు. మనకు నచ్చినది స్మరణ, నచ్చనిది రాజకీయం అనుకుంటే ఈ తగవు ఎప్పటికీ తెగదు.

2025 సెప్టెంబరు 14న దుబాయిలో ఆసియా కప్పు మ్యాచ్ తరువాత మనవాళ్లు పాకిస్తాను ఆటగాళ్లతో చేతులు కలపలేదు. విజయాన్ని సైనికులకు అంకితం చేసిన సూర్యకుమార్ యాదవ్‌కు తరువాత జరిమానా పడింది. అయిదు రోజులకు, సెప్టెంబరు 19న, అబూధాబీలో మనం ఒమన్‌తో ఆడాం. ఒమన్ తరఫున బాగా ఆడి 64 పరుగులు చేసిన ఆమిర్ కలీం కరాచీలో పుట్టినవాడు. ఆట అయ్యాక సూర్యకుమార్ ఒమన్ ఆటగాళ్ల మధ్య నిలబడి ఆప్యాయంగా మాట్లాడాడు. చొక్కా మీద ఉన్న జెండా మారితే మనిషి మారిపోయాడన్నమాట. తప్పని అనను, ఒప్పని అనను. దేశాల జట్లు దేశాల బరువు మోస్తాయి. మన శుక్రవారం జట్లు ఆ బరువు మోయాలా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే మనం ఉన్న చోటు వేరు. ఇక్కడి నుంచి వాది అదై దాటి, కొండ ఎక్కి దిగితే అమరాత్ మైదానం. 2021 అక్టోబరు 17న అక్కడ టీ20 ప్రపంచ కప్పు మొదలైంది. పాపువా న్యూ గినీ మీద ఒమన్ ఒక్క వికెట్టూ పోకుండా గెలిచింది. చివరిదాకా నిలబడిన ఇద్దరిలో జతీందర్ సింగ్ లూధియానాలో పుట్టాడు, ఆకిబ్ ఇల్యాస్ సియాల్‌కోటలో పుట్టాడు. ఆ జట్టులో మన హైదరాబాదులో పుట్టిన సందీప్ గౌడ్ కూడా ఉన్నాడు. మన కంపెనీ జట్లూ అంతే. ఒకే వ్యానులో వెళతాం, ఒకే డబ్బాలో బిర్యానీ తింటాం.

ఇప్పుడు నా నిద్ర పట్టని సంగతి. 2019 ఫిబ్రవరిలో నేను ఒమన్‌కు కొత్త. పుల్వామా జరిగిన మరుసటి వారం శుక్రవారం మా జట్టుకు మ్యాచ్ ఉంది. చేతులకు నల్ల గుడ్డ కట్టుకుని ఆడదామన్నాను. ఆలోచన నాదే. మా క్లినిక్కులో కట్లు కట్టే కత్తెరతో నేనే పదకొండు పేలికలు కత్తిరించాను. తెల్లవారుజామున వ్యానులో కూర్చుని పంచుతూ ఒక చోట ఆగిపోయాను. మా జట్టులో ఎడం చేతి బౌలరు గుజ్రన్‌వాలా అబ్బాయి, ఎలక్ట్రీషియను. అతన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని, మర్యాద చేస్తున్నాననుకుని, అతన్ని దాటేసి పక్కవాడికిచ్చాను. పదకొండోది జేబులో పెట్టుకున్నాను.

అతను చూశాడు. కాసేపాగి, "డాక్టర్ సాబ్, నాకు లేదా?" అన్నాడు. నేను ఏదో గొణిగాను. "చనిపోయినవాళ్ల కోసమే గదా?" అని చెయ్యి చాచాడు. తీసి ఇచ్చాను. కట్టుకున్నాడు.

అదే వ్యానులో శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకడున్నాడు. గుడ్డ తీసుకుని మడతపెట్టి బ్యాగులో పెట్టుకున్నాడు గాని కట్టుకోలేదు. మైదానంలో దిగాక అందరి ముందూ నేను, "ఏమయ్యా, నీకు బాధ లేదా?" అనేశాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అతను, "మీరు కట్టుకోండి డాక్టరుగారూ, నాకొద్దు," అని గార్డులు కట్టుకోవడంలో పడిపోయాడు. మిగతావాళ్లు ఆ రోజంతా అతనితో ముభావంగా ఉన్నారు.

రెండు వారాల తరువాత అతను జ్వరంతో క్లినిక్కుకు వచ్చాడు. మందులు రాశాక లేవబోయి, మళ్లీ కూర్చుని అప్పుడు చెప్పాడు. వాళ్ల అన్నయ్య సీఆర్పీఎఫ్‌లో ఉన్నాడు, కాశ్మీరులోనే. ఆ రోజు బయలుదేరిన బళ్లలో లేడు. "మా అమ్మ ఆ రోజు నుంచి ఫోను మోగితే ఎత్తడం లేదండి. నేను ఆ గుడ్డ కట్టుకుని క్యాచులు పట్టలేను," అన్నాడు. నేను క్షమించమని అడిగాను. "అయ్యో, మీకు తెలీదు గదండీ," అన్నాడు. తెలియదు, నిజమే. తెలియనివాణ్ణి పదిమందిలో అడగకుండా ఉండవలసింది.

ఇక ఆ బౌలరు. ఆ రోజు ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. చేతికి నల్ల గుడ్డతో నవ్వుతూ ఉన్నాడు. అది తిరిగి తిరిగి అతని గదిలో ఉండేవాళ్ల దగ్గరికి చేరింది. వాళ్లేమన్నారో అతను నాకు చెప్పలేదు. నెల రోజులు ఆటకు రాలేదు, గది మారాడని మాత్రం తెలిసింది. మళ్లీ వచ్చాక అతను ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవ్వనివాడు అడిగి కట్టుకున్నాడు, ఇచ్చినవాడు వద్దన్నాడు. గుడ్డను బట్టి మనిషి గుండెను చదవగలనని అనుకున్న నేను స్టెతస్కోపు ఉన్నవాణ్ణి. రెండు చోట్లా తప్పు చదివాను.

మన పెద్దాయన ప్రతిపాదనలో ఉన్న బాధను నేను తక్కువ చేయడం లేదు. మా అమ్మమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం పక్కన. ఆ పక్కనే మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరు నుంచి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని చెబుతారు. మొదటి యుద్ధంలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 13 లక్షలకు పైగా, తిరిగి రానివాళ్లు 74 వేలకు పైగా. వాళ్ల కోసం ఎర్ర పువ్వు పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. పరాయి రాజు కోసం చచ్చారని కొందరంటారు. ఆ వాదం వాదమే. కాని ఆ ఇంటి ముసలమ్మకు పోయినవాడు కొడుకే.

ఈ స్మరణ అనేది ఎంత చిక్కో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన హమ్రియా నుంచి రువీ వైపు కారులో పది నిమిషాలు వెళితే బైత్ అల్ ఫలజ్ కోట వస్తుంది. ఇప్పుడది సాయుధ దళాల మ్యూజియం, 1988లో తెరిచారు. పిల్లల్ని తీసుకుని చాలామంది వెళ్లే ఉంటారు. 1915 జనవరిలో అక్కడ యుద్ధం జరిగింది. లోపలి కొండప్రాంతాల నుంచి ఇమాము పక్షంవాళ్లు మస్కట్ మీదికి వచ్చారు. సుల్తాను తైమూరు తరఫున వారిని ఆపినవాళ్లు బ్రిటిష్ వారు పంపిన భారత సిపాయిలు. అందులో 95వ రసెల్స్ దళం ఒకటి. దాని పుట్టిల్లు మన హైదరాబాదు. నిజాం రాజ్యంలోని హైదరాబాదు కంటింజెంటు నుంచి వచ్చిన దళం. సిపాయిల్లో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే గాని, తరువాతి రోజుల్లో హైదరాబాదు రెజిమెంటు అన్న పేరే పెట్టారు. 1945లో అది కుమావూ రెజిమెంటు అయింది.

ఆ సిపాయిల కోసం నేనొక పువ్వు గుచ్చుకుని రువీ వీధిలో నడిస్తే, అది ఎవరికి నమస్కారం? దాడికి వచ్చి అక్కడ ప్రాణాలు విడిచినవాళ్లు ఈ మట్టివాళ్లే. వాళ్ల మునిమనవలు ఈ రోజు నా క్లినిక్కులో వరుసలో కూర్చుని ఉండవచ్చు. 1920లో సీబ్‌లో రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరింది. ఆ తరువాత ఎన్నో మలుపులు తిరిగి ఇప్పుడు అందరూ ఒకే దేశం పౌరులు. నా పువ్వులో నాకు కనిపించేది దుఃఖమే. ఎదుటివాడికి అందులో తుపాకి కూడా కనిపిస్తుంది. ఇద్దరి చూపూ సరైనదే.

మరి తీర్పేమిటంటారా? మా వృత్తిలో ఆపరేషనుకు ముందు రోగి సంతకం తీసుకుంటాం. చుట్టూ మామగారు, బావమరుదులు, పెద్దన్నయ్య నిలబడి ఉండగా పెట్టిన సంతకం మీద నాకు నమ్మకం తక్కువ. అందరినీ బయటికి పంపి, తలుపు వేసి, "మీకిష్టమేనా?" అని నెమ్మదిగా అడుగుతాను. ఎంత మంచి ఆపరేషనయినా ఆ ఒక్క మాట లేకుండా కత్తి పట్టుకుంటే తప్పే. జ్ఞాపక చిహ్నమూ అంతేనని నా ఉద్దేశం. తనంతట తాను పెట్టుకుంటే అది స్మరణ. పెట్టుకోనివాణ్ణి ఎందుకని నిలదీసిన క్షణాన అది రాజకీయమవుతుంది. ఆ నిలదీసేవాడు రాజకీయ నాయకుడే కానక్కర్లేదు. నాలాంటి డాక్టరయినా చాలు.

అంచేత కార్యవర్గానికి నా మనవి ఇది. చొక్కా మీద ముద్ర వేయించవద్దు. చొక్కా అందరికీ తప్పనిసరి, దాని మీద వేసినది కూడా తప్పనిసరి అయిపోతుంది. ఆట మొదలయ్యే ముందు ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం. ఎవరి కోసమన్నది ఎదుటి జట్టు కెప్టెనుతో ముందు రోజే మాట్లాడుకుందాం. ఎవరైనా తన చేతికి నల్ల పట్టీ కట్టుకోదలిస్తే కట్టుకోనిద్దాం. కట్టుకోనివాళ్లను అడగవద్దు. ఫోటోలు వద్దు, ముఖ్యంగా ఫోటోలు వద్దు. చొక్కా ముద్రకని అనుకున్న రియాళ్లు ఆ కుటుంబాల సహాయ నిధికి పంపుదాం. మెక్రే పువ్వు మొదట చేసిన పని అదే గదా.

ఆ పెద్దాయనకు ఈ పేజీ అచ్చుకు వెళ్లకముందే చదివి వినిపించాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "నువ్వు మరీ మెత్తన డాక్టరూ," అన్నారు. కాని ఫోటోల సంగతి విన్నాక కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ ఎలక్ట్రీషియను ఇప్పుడూ ఇక్కడే ఉన్నాడా?" అని అడిగారు. ఉన్నాడు. ఇంకా మా జట్టుకే బౌలింగు చేస్తున్నాడు, వైడ్లు కాస్త ఎక్కువయ్యాయి. ఈసారి మ్యాచ్‌కు వస్తానన్నారు పెద్దాయన, అతన్ని చూడటానికి.

మీ అభిప్రాయాలు రాయండి. నాతో ఏకీభవించనివాటికి ముందు చోటిస్తాను. వచ్చే నెల ఈ శీర్షికలో ఎండాకాలం నీళ్లు తక్కువ తాగి మూత్రపిండాల్లో రాళ్లు తెచ్చుకునే మన సోదరుల సంగతి. అంతదాకా సెలవు.